ఏడో పీరియడ్ పంచాయితీ

మా ఇంటి ఓనర్లు కింద పోర్షన్‌లో ఉంటారు, నేను పైన అద్దెకుంటా. కర్నూలు సి క్యాంపు, రైతుబజారుకి నడిచిపోయే దూరం. ఆయన మద్దిలేటి గారు, ఆర్టీసీలో బస్టాండు కంట్రోలరుగా రిటైరయ్యారు, ఏ సర్వీసు ఎన్నింటికి ఏ ప్లాట్‌ఫాం మీదికి రావాలో ఇప్పటికీ నిద్రలో అనౌన్స్ చేస్తారని ఆవిడ కంప్లయింటు. ఆవిడ సరోజమ్మ గారు, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. రిటైరయ్యారు గానీ క్లాసు ఆగలేదు, స్టూడెంటు ఒక్కడే మిగిలాడు. మెట్ల సందులోంచి వాళ్ల మాటలు నేరుగా నా వంటింట్లోకి వస్తాయి కాబట్టి నేనేదో చాటుగా విన్నానని అనుకోవద్దు, వినకుండా ఉండాలంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి.

సంగతేందంటే, వాళ్ల మనవరాలు హాసిని టెక్సస్‌లో పదో తరగతి. పదకొండులో ఏయే సబ్జెక్టులు తీసుకుంటుందో శుక్రవారం అర్ధరాత్రి లోపు స్కూలుకి ఆన్‌లైన్‌లో చెప్పాలి, అంటే మనకి శనివారం పొద్దున 11:30. మొత్తం ఏడు పీరియడ్లు. ఆరు తనే నింపేసిందట, ఏడోది మాత్రం తాత, అవ్వ ఇద్దరూ కలిసి ఒక్కమాట మీద ఏది చెప్తే అది పెడతానని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇద్దరూ కలిసి. ఒక్కమాట మీద.

మద్దిలేటి: సరోజా, ఆ పుస్తకం యాడ పెట్టినావు?

సరోజమ్మ: ఏ పుస్తకం?

మద్దిలేటి: కోర్సుల పుస్తకం. పెద్దోడు ఫోన్లో పంపిస్తే నేను రాజ్‌విహార్ దగ్గర ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించలేదూ?

సరోజమ్మ: మీ ఉగ్గాని పళ్లెం కిందనే ఉంది. టేబుల్‌కి వేడి తగలకూడదని మీరే పెట్టినారు.

ఆ పుస్తకం తర్వాత నేనూ చూశాను. పేజీ పేజీకీ ఎర్ర బాల్‌పెన్ను గీతలు. స్టాటిస్టిక్స్ పేజీ మీద పళ్లెం అడుగు అచ్చు గుండ్రంగా నూనె మరకై ఉంది, ఆ మరక నడిమధ్యన ఆయన చేతిరాతలో 'తప్పనిసరి' అని ఉంది, కింద రెండు గీతలు. ఆయన తప్పనిసరి అని రాసినవన్నీ చదవాలంటే ఆ పిల్ల రాత్రి కూడా స్కూల్లోనే ఉండాలి.

మద్దిలేటి: ఏడోది స్టాటిస్టిక్స్. అయిపాయ. మెసేజ్ కొట్టు.

సరోజమ్మ: ఎట్లా అయిపోతుంది? నన్ను అడిగినారా?

మద్దిలేటి: అడుగుతున్నా కదా. స్టాటిస్టిక్స్ పెడదామా, పెడదాం.

సరోజమ్మ: ప్రశ్నా మీదే, జవాబూ మీదే. పరీక్షల్లో కూడా ఇట్లనే రాసుంటారు, అందుకే అట్లా వచ్చినాయి మార్కులు.

మద్దిలేటి: పొద్దున్నే పరీక్షల దాకా పోవద్దు. అసలు ఈ ఏపీ కోర్సులంటే నీకు తెలుసునా?

(ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. మన రాష్ట్రానికి సంబంధం లేదు, ఆ జోకు వాళ్లింట్లో ఎప్పుడో అరిగిపోయింది.)

సరోజమ్మ: మీకు చెప్పిందే నేను. హైస్కూల్లో ఉండగానే కాలేజీలో మొదటి సంవత్సరం చెప్పే పాఠం చెప్తారు. మే నెలలో కాలేజ్ బోర్డు అని ఒక సంస్థ దేశమంతటికీ ఒకటే పరీక్ష పెడుతుంది, 1 నుంచి 5 దాకా స్కోరు. 3గానీ ఆ పైనగానీ వస్తే చానా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, కొన్ని పెద్ద కాలేజీలు 4 కావాలి, 5 కావాలి అంటాయి, కొన్నైతే అసలు ఇవ్వవు. క్రెడిట్ వచ్చిందంటే ఆ సబ్జెక్టుకి కాలేజీలో మళ్లీ ఫీజు కట్టే పని లేదు.

మద్దిలేటి: అదే నేను చెప్పేది! ఫీజు మిగులుతుంది కాబట్టి ఏడుకి ఏడూ ఏపీలే పెట్టాల.

సరోజమ్మ: ఒక్కో పరీక్షకి 99 డాలర్లు. మన డబ్బులు 8 వేల పైమాటే. ఏడు పరీక్షలంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

మద్దిలేటి: 99 ఏంది? 100 అనొచ్చు కదా. ఆ ఒక్క డాలరు చిల్లర ఎవరిస్తారు?

ముప్పై ఏళ్లకి పైగా కండక్టర్ల చిల్లర పంచాయితీలు తీర్చిన మనిషి, ఆ ఒక్క డాలరు దగ్గర కాసేపు ఆగిపోయారు. ఆవిడ బజ్జీలు తీసుకొచ్చి పెట్టాక గానీ కదల్లేదు.

మద్దిలేటి: సరే, లెక్కలొద్దంటే ఫిజిక్స్ పెడదాం. ఇదిగో, ఫిజిక్స్ సి.

సరోజమ్మ: వద్దు.

మద్దిలేటి: అవునులే, సి ఎందుకు, ఏ ఇప్పిద్దాం.

సరోజమ్మ: అది గ్రేడు కాదు మహానుభావా! ఫిజిక్స్‌లో 1, 2 అని రెండుంటాయి, వాటికి క్యాలిక్యులస్ అక్కర్లేదు. సి అంటే క్యాలిక్యులస్‌తో చెప్పే ఫిజిక్స్, ఇంజనీరింగు పిల్లలు చదివేది. అది అన్నిటికన్నా కష్టం.

మద్దిలేటి: కష్టమైందానికి సి అని పేరు పెడితే ఎవడు తీసుకుంటాడు? వాళ్లకి బోర్డులు రాయడం రాదు. సరే, నువ్వు చెప్పు, నీ సబ్జెక్టు ఏంది?

సరోజమ్మ: ఆర్ట్ హిస్టరీ.

మద్దిలేటి: అబ్బో.

సరోజమ్మ: అబ్బో ఏంది? 250 కళాఖండాలు సిలబస్‌లో పెట్టినారు, ప్రపంచమంతా ఉంది అందులో. మన సాంచి స్తూపం ఉంది, ఖజురహో గుడి ఉంది, నటరాజ విగ్రహం ఉంది, తాజ్‌మహల్ ఉంది. ఆ పిల్ల అక్కడ కూర్చొని నటరాజు గురించి పరీక్ష రాస్తుందంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

మద్దిలేటి: కొండారెడ్డి బురుజు ఉందా?

సరోజమ్మ: లేదు.

మద్దిలేటి: లేపాక్షి?

సరోజమ్మ: లేదు.

మద్దిలేటి: అయితే వద్దు.

సరోజమ్మ: కర్నూలు బురుజు లేదని అమెరికా వాళ్ల పుస్తకాన్నే కొట్టేస్తారా మీరు?

మద్దిలేటి: వాళ్ల దేశం పుట్టి 250 ఏళ్లు. మన బురుజు అచ్యుత దేవరాయల కాలం నాటిది, వాళ్ల దేశానికి రెండింతల వయసు. పెద్దల్ని వదిలేసి పుస్తకం రాస్తే నాకెందుకు?

సరోజమ్మ: (సోషల్ టీచరు కాబట్టి ఊరుకోలేరు) దేశానికి 250 ఏళ్లు సరే, వాళ్ల ఏపీ అమెరికా చరిత్ర సిలబస్ 1491 నుంచి మొదలవుతుంది తెలుసునా? కొలంబస్ రావడానికి ముందు సంవత్సరం. అక్కడుండే జనం గురించి ముందు చెప్పి, ఆ తర్వాతే ఓడ దింపుతారు. ఎంత పద్ధతిగా ఉంది చూడండి.

మద్దిలేటి: ఓడ ఎన్నింటికి దిగితే నాకేంది, టైం తొమ్మిదింబావు అయింది. చెప్పు, స్టాటిస్టిక్సా కాదా?

సరోజమ్మ: లెక్కలు లెక్కలు అని మీరెందుకు అంత పట్టు పడుతున్నారో నాకు తెలుసు. మీరు ఇంటర్లో తప్పింది లెక్కలే కదా.

మద్దిలేటి: అది జై ఆంధ్రా ఉద్యమం! కాలేజీలన్నీ నెలల తరబడి మూసేసినారు, పాఠాలు యాడ జరిగినాయి?

సరోజమ్మ: ఉద్యమం 72లో మొదలై 73లో అయిపాయ. మీరు తప్పింది 75లో.

ఇక్కడ కొంచెంసేపు నిశ్శబ్దం. బజ్జీ కొరికిన చప్పుడు కూడా పైకి వినిపించింది.

మద్దిలేటి: దాని ప్రభావం ఉండింది.

సరోజమ్మ: ఎంపీసీ ఎందుకు తీసుకున్నారంటే మీ పక్కింటి పిల్లోడు తీసుకున్నాడు కాబట్టి. అప్లికేషన్లో ఆ ఒక్క అక్షరాల గుంపు రాస్తే మనిషి జన్మంతా అందులోనే ఉండాల మన దగ్గర. అక్కడ గుంపు లేదు, ఏ సబ్జెక్టుకి ఆ సబ్జెక్టు విడివిడిగా తీసుకోవచ్చు. లెక్కల్లో గట్టి అయితే లెక్కల్లో ఏపీ, ఇంగ్లిష్ మామూలుది. అట్లాంటి సౌకర్యం ఉన్నప్పుడు కూడా మీరు ఏడూ కలిపి మూట కట్టి పిల్ల నెత్తిన పెడతామంటారు. పెద్దోడికి కూడా ఇట్లనే చేసినారు.

మద్దిలేటి: వాణ్ని నేనేం చేసినా?

సరోజమ్మ: సీఈసీ చదువుతా నాయనా అని వాడు అంటే ఎంపీసీలో చేర్పించి హాస్టల్లో పడేసినారు. గేటు దగ్గర ట్రంకు పెట్టె మీద కూర్చొని ఏడ్చినాడు.

మద్దిలేటి: అప్లికేషన్ మీద సంతకం ఎవరిది?

సరోజమ్మ: మీదే!

మద్దిలేటి: పెన్ను ఇచ్చింది ఎవరు?

దీనికి ఆవిడ దగ్గర జవాబు లేదు. నాకు తెలిసి ఆ పెన్ను మాట ఇంతకుముందు కూడా వచ్చింది, వచ్చిన ప్రతిసారీ కుక్కరు మూత గట్టిగా పెట్టిన శబ్దంతోనే ఆగింది.

మద్దిలేటి: సరే, గొడవ వద్దు. ఇంకో మాట, కాలేజీకే పోయి చదివే పద్ధతి కూడా ఉందంట కదా, పెద్దోడు చెప్పినాడు.

సరోజమ్మ: డ్యూయల్ క్రెడిట్. దగ్గర్లో ఉండే కమ్యూనిటీ కాలేజీ వాళ్ల క్లాసు చదివితే హైస్కూల్లోనూ లెక్కే, కాలేజీలోనూ లెక్కే. మే నెల పరీక్ష ఉండదు, సెమిస్టరంతా చదివిందానికి గ్రేడు. కాకపోతే ఆ గ్రేడు కాలేజీ రికార్డులో జీవితాంతం ఉంటుంది. పదహారేళ్ల వయసులో సరిగ్గా చదవకపోతే, ఇరవై రెండేళ్లకి పై చదువుకి పోయినప్పుడు కూడా ఆ కాగితం అడుగుతారు.

మద్దిలేటి: మళ్లీ కట్టి రాసినా పాతది పోదా?

సరోజమ్మ: మీలాంటి వాళ్లకి అక్కడ ఇబ్బందే.

మద్దిలేటి: ఇంతకీ మిగతా ఆరూ ఏం పెట్టింది? ఫోటో పంపింది కదా, తెరిచి చూడు.

సరోజమ్మ: ఇప్పుడా అడిగేది! (ఫోన్ చూస్తూ) ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్, ఏపీ యూఎస్ హిస్టరీ... నా బంగారు తల్లి... ఏపీ క్యాలిక్యులస్ ఏబీ. ఫిజిక్స్ మామూలుది. స్పానిష్ 3. సెరామిక్స్.

మద్దిలేటి: సెరామిక్స్ అంటే? టైల్స్ బిజినెస్సా?

సరోజమ్మ: కుండలు. మట్టితో కుండలు, గిన్నెలు చెయ్యడం నేర్పిస్తారు.

మద్దిలేటి: కుండలా! కుండలు చెయ్యడానికి అమెరికా పోవాల్నా?

సరోజమ్మ: చేస్తే ఏమైంది?

మద్దిలేటి: ఏమైందా? నువ్వు సోషల్ చెప్పుకో, లెక్క నేను చెప్తా విను. వాళ్ల స్కూల్లో ఏపీ క్లాసులో ఫుల్లుగా వస్తే 5, మామూలు క్లాసులో ఫుల్లుగా వస్తే 4. కుండలు లేకుండా ఐదు సబ్జెక్టులు చూడు: మూడు ఏపీలు 15, రెండు మామూలువి 8, మొత్తం 23, ఐదుతో భాగిస్తే 4.6. ఇప్పుడు కుండలు కలుపు. పిల్ల బ్రహ్మాండమైన కుండ చేసింది, టీచరు ఫుల్ మార్కులేసింది అనుకుందాం. 27, ఆరుతో భాగిస్తే 4.5. తగ్గింది!

సరోజమ్మ: ఫుల్ మార్కులొస్తే సగటు తగ్గడమేంది?

మద్దిలేటి: అదే అమెరికా. (క్యాలెండరు వెనక లెక్క చూపిస్తూ) ఇంకా ఉంది. 1997లో టెక్సస్‌లో చట్టం చేసినారు, హైస్కూల్లో ర్యాంకు మొదటి 10 శాతంలో ఉంటే ఆ రాష్ట్రం గవర్నమెంటు యూనివర్సిటీలో సీటు గ్యారంటీ. జనం ఎక్కువై ఆస్టిన్‌లో పెద్ద యూనివర్సిటీకి మాత్రం దాన్ని తగ్గించుకుంటూ వచ్చినారు, 2026 నుంచి 5 శాతమే. ఆ ర్యాంకు వచ్చేది ఈ సగటు మీద. అందుకే అక్కడ పిల్లలు బొమ్మలేసే క్లాసు, పాటల క్లాసు అంటే భయపడతారు. పెద్దోడే చెప్పినాడు. ఒక కుండ, ఒక ర్యాంకు.

ఒప్పుకోవాలి, ఈ లెక్క ఆయన బాగా చెప్పారు. నేను పైన కూరగాయలు తరగడం ఆపి కాగితం మీద వేసుకుని చూశాను, సరిగ్గా 4.5.

సరోజమ్మ: అయినా నాకేం బాధలేదు. మూడు ఏపీలు చాలు. ఏడు ఏపీలు పెట్టి, మే నెల మొదటి రెండు వారాల్లో ఏడు పరీక్షలు రాసి, ఒకే రోజు పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి పడి, అన్నిట్లో 2 తెచ్చుకుంటే ఏం లాభం?

మద్దిలేటి: నేను టైంటేబుల్ వేసిస్తా. నాలుగింటికి లేస్తే...

సరోజమ్మ: ఆగండి. డబుల్ డ్యూటీ చేసొచ్చిన డ్రైవర్ని రెస్టు లేకుండా శ్రీశైలం బస్సు ఎక్కించమంటే, ఘాట్ రోడ్డు, నేను పంపను, రాతపూర్వకంగా ఇవ్వండి అని పై ఆఫీసర్‌తో కొట్లాడినానని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తారు కదా. ఆ డ్రైవరుకి ఉన్న రెస్టు మీ మనవరాలికి లేదా?

మద్దిలేటి: ...డ్రైవరు చేతిలో యాభై మంది ప్రాణాలు.

సరోజమ్మ: పిల్ల చేతిలో ఒక్క ప్రాణమే, పోనీలే అంటారా?

ఆయన పుస్తకం మూసేశారు. టైం పది నలభై అని మాత్రం అన్నారు, అది అలవాటు.

మద్దిలేటి: సరేలేబ్బా. కుండలు చేసుకోనీ. ఏడోది మాత్రం చెప్దాం, పిల్ల మనల్ని అడిగింది. స్టాటిస్టిక్స్ పెట్టినా, నీ బొమ్మల చరిత్ర పెట్టినా, 32ని ఏడుతో భాగిస్తే 4.57. లాభం ఒకటే. కాబట్టి స్టాటిస్టిక్స్.

సరోజమ్మ: లాభం ఒకటే కాబట్టి ఆర్ట్ హిస్టరీ.

మద్దిలేటి: భాషలేమైనా ఉన్నాయా?

సరోజమ్మ: అది అడక్కండి, నాకు కోపం వస్తుంది. చైనీస్ ఉంది, జపనీస్ ఉంది, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ ఉన్నాయి. యాడా ఎవరూ ఇంట్లో మాట్లాడుకోని లాటిన్ కూడా ఉంది. తెలుగు లేదు.

మద్దిలేటి: లేదా?

సరోజమ్మ: లేదు.

మద్దిలేటి: ఇంతమంది పోయినారు కదా ఇక్కణ్ణుంచి! పోయి ఏం చేస్తున్నారంట?

ఆ విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట, దాదాపు పది నిమిషాలు ఇద్దరూ కలిసి కాలేజ్ బోర్డుని తిట్టారు. నాకు ఆ దంపతులు అంత అన్యోన్యంగా ఎప్పుడూ వినిపించలేదు.

మద్దిలేటి: పదకొండు దాటింది. సైకాలజీ ఉంది చూడు.

సరోజమ్మ: సైకాలజీ... బానే ఉంది. మనుషులు ఎందుకట్లా ప్రవర్తిస్తారో చెప్తారు. ఈ ఇంటికి పనికొస్తుంది.

మద్దిలేటి: నేనూ అదే అనుకున్నా. ఈ ఇంట్లో ఒకరికి చానా అవసరం.

సరోజమ్మ: ఎవరికి?

మద్దిలేటి: ముందు మెసేజ్ పెట్టు, తర్వాత చెప్తా. పదకొండుంబావు.

సరోజమ్మ: (రికార్డు నొక్కి) హాసినీ, బంగారూ, అవ్వ సైకాలజీ తీసుకోమంటోంది, తాత కూడా సరే అన్నాడు...

మద్దిలేటి: ఆపు ఆపు. చెప్పింది నేను. తాత చెప్పినాడు, అవ్వ సరే అంది, అట్ల చెప్పు.

సరోజమ్మ: ఎవరు చెప్తే ఏముంది?

మద్దిలేటి: ఏమీ లేకపోతే నా పేరే ముందు చెప్పు.

సరోజమ్మ: పేరు మీరన్నారు, బానే ఉందని ఒప్పుకుంది నేను. ఒప్పుకోకపోతే ఒక్కమాట ఎట్లా అవుతుంది?

మద్దిలేటి: ప్లాట్‌ఫాం మీదికి బస్సు తెచ్చింది నేనైతే టికెట్ నువ్వు కొడతానంటావేంది?

సరోజమ్మ: నొక్కినది వదలండి, అంతా రికార్డవుతోంది!

మద్దిలేటి: నేను నొక్కలేదు, నువ్వే నొక్కినావు!

ఆ రికార్డు 11:34కి పోయిందట. మూడు నిమిషాల పైన ఉంది, సైకాలజీ అనే మాట మొదట్లో ఒక్కసారే వినిపిస్తుంది. వెంటనే జవాబొచ్చింది, అది పెద్దోడి నుంచి. ఆవిడ పైకి చదివారు.

సరోజమ్మ: "అమ్మా, హాసిని రాత్రి తొమ్మిదికే ఫారం పంపేసి పడుకుంది. ఏడో పీరియడ్ ఆఫ్ పెట్టుకుంది, మూడింటికే ఇంటికి రావచ్చు. మీరిద్దరూ ఎట్లాగూ తేల్చరని చెప్పింది."

మద్దిలేటి: తొమ్మిదంటే మనకి ఎనిమిదిన్నర. అప్పటికి నేను ఫోటో కూడా చూడలేదు!

సరోజమ్మ: ఉగ్గాని తింటా ఉండినారు.

మద్దిలేటి: ఖాళీ పీరియడా... దానికి మార్కు లేదు కాబట్టి 4.5 అట్లనే ఉంటుందిలే. ఆగు, ఆగస్టులో వాళ్ల గడియారం గంట ముందుకుంటుంది, అక్కడ మధ్యాహ్నం మూడంటే మనకి రాత్రి ఒకటిన్నర. నేను అలారం పెట్టుకుని లేచి రోజూ వీడియోలో స్టాటిస్టిక్స్ చెప్తా.

సరోజమ్మ: మీరు? లెక్కలు?

మద్దిలేటి: సెప్టెంబర్లో పాసైనా కదా!

సరోజమ్మ: నాకేం అభ్యంతరం లేదు, హాల్లో పడుకోండి. నా పక్కన అలారం మోగిందంటే మాత్రం ఊరుకోను.